స్క్రీన్ ప్రింటింగ్ క్లాసు: స్క్రీన్ తయారీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడలో ఆర్ట్ క్లాసు నడుపుతున్నప్పటి నుంచి ప్రతి బ్యాచ్‌లోనూ ఇవే డౌట్లు వస్తున్నాయి. కొత్తవాళ్లకి ముందుగా ఒక మాట: స్క్రీన్ అంటే ఫ్రేమ్‌కి బిగించిన సన్నటి జాలీ గుడ్డ (మెష్). దాని మీద కాంతికి గట్టిపడే మందు (ఎమల్షన్) పూసి ఆరబెట్టి, నల్లటి బొమ్మ ఉన్న కాగితం (పాజిటివ్) ఆనించి వెలుతురు పెడతాం (ఎక్స్‌పోజ్). నలుపు కింద గట్టిపడని మందు కడిగితే పోతుంది, అలా తెరుచుకున్న చోట్ల నుంచే రబ్బరు పట్టీతో (స్క్వీజీ) లాగిన ఇంక్ కిందికి దిగుతుంది. రాత్రి పదింటికి తడి స్క్రీన్ ఫొటో పంపి "సార్, ఇదేమైంది?" అని అడుగుతారు. ప్రింట్‌లో కనిపించే తప్పు చాలాసార్లు ముందు రోజే, స్క్రీన్ కడిగేటప్పుడో ఆరబెట్టేటప్పుడో జరిగిపోయి ఉంటుంది. అందుకే ఇంక్ పోయకముందు చేసే పనుల గురించే ఇక్కడ ఎక్కువగా రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

సిల్క్ స్క్రీన్ అంటే పట్టు చీరల మీద ప్రింట్ చేసేదా సార్?

కాదు. పట్టు ఉన్నది ఒకప్పటి స్క్రీన్‌లో. పిండి జల్లించడానికి వాడే సన్నటి పట్టు గుడ్డనే ఫ్రేమ్‌కి బిగించి ప్రింట్ చేసేవారు. మన షాపుల్లో ఇప్పటికీ మెష్‌ని "బోల్టింగ్ క్లాత్" అనడానికి కారణం అదే. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో శామ్యూల్ సైమన్ 1907లో ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు వాడేది పాలిస్టర్. పట్టు తడిస్తే సాగుతుంది, బ్లీచింగ్ తగిలితే చివికిపోతుంది. పాలిస్టర్‌కి ఆ బాధ తక్కువ. పేరు మాత్రం పాతదే ఉండిపోయింది. కాగితం, కాటన్ గుడ్డ, చెక్క, గాజు దేని మీదైనా ప్రింట్ చేయవచ్చు.

మా స్కూల్లో డార్క్ రూమ్ లేదు. కుదురుతుందా?

కుదురుతుంది. ఫొటో ఫిల్మ్‌కి కావలసినంత చీకటి దీనికి అక్కర్లేదు. ఎమల్షన్ గట్టిపడేది అల్ట్రావయొలెట్, నీలి కాంతికి. పసుపు వెలుతురుకి దాదాపు ఏమీ కాదు. కిటికీలకి మందపాటి నల్ల గుడ్డ కట్టండి, ట్యూబ్‌లైట్ ఆపేయండి, ఒక పసుపు బల్బు వేసుకోండి. షాపులో "వార్మ్ వైట్" అని అమ్మేది సరిపోదు, అందులో నీలం ఉంటుంది. గాజే పసుపు రంగులో ఉన్న బల్బు కావాలి. నేను మొదటి రెండేళ్లు స్టోర్ రూమ్‌లోనే నడిపాను.

చిన్న క్లాసుల పిల్లలకి కూడా ఎమల్షన్ పెట్టాలా?

వద్దు. ఐదారు తరగతుల పిల్లలకి కాగితం స్టెన్సిల్ చాలు. పలచటి కాగితంలో ఆకు, చేప, తమ పేరులో మొదటి అక్షరం ఏదో ఒకటి కత్తిరించి స్క్రీన్ కింద పెట్టి ఇంక్ లాగితే, ఇంక్ జిగురుకి ఆ కాగితం మెష్‌కి అంటుకుపోతుంది. కాగితం నానిపోయేలోపు కొన్ని ప్రింట్లు బాగా వస్తాయి. పని అయ్యాక కాగితం ఊడదీసి స్క్రీన్ కడిగేస్తే మళ్లీ కొత్త స్క్రీనే. పిల్లలకి "ఎక్కడ మూశామో అక్కడ రంగు పడదు" అన్న అసలు సంగతి దీనితోనే ముందు అర్థమవుతుంది.

## ఫ్రేమ్, మెష్

ఏ4 బొమ్మకి ఏ4 ఫ్రేమ్ సరిపోదా?

సరిపోదు. బొమ్మ చుట్టూ ఇంక్ నిలవడానికీ, స్క్వీజీ ఆనడానికీ చోటుండాలి. అంచుకి దగ్గరగా మెష్ బిర్రుగా ఉండి కిందికి వంగదు, అక్కడ ప్రింట్ సరిగా పడదు. ఏ4 బొమ్మకి లోపలి కొలత కనీసం 36 × 50 సెంటీమీటర్లు ఉండేలా చూసుకోండి. చెక్క ఫ్రేమ్ అయితే మెష్ బిగించే ముందే రెండు కోట్లు వార్నిష్ వేయండి. వార్నిష్ లేని చెక్క నాలుగు సార్లు కడిగేసరికి మెలిక తిరుగుతుంది. బల్ల మీద పెడితే ఒక మూల లేస్తున్న ఫ్రేమ్‌తో ఎంత కష్టపడినా ప్రింట్ సమంగా రాదు.

షాపులో "43 కావాలా, 77 కావాలా, 120 కావాలా" అంటున్నారు. ఏం చెప్పాలి?

అది ఒక సెంటీమీటర్‌లో ఉండే దారాల సంఖ్య. కొందరు అంగుళం లెక్కలో చెబుతారు. అప్పుడు 43 అంటే సుమారు 110, 77 అంటే 195, 120 అంటే 305. అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది, ఇంక్ తక్కువ దిగుతుంది, సన్నని గీతలు బాగా వస్తాయి. గుడ్డ సంచులు, టీషర్టుల మీద పెద్ద పెద్ద ఆకారాలకి 43. కాగితం మీద సన్నటి గీతలకి 120. క్లాసుకి ఒకటే కొనాలంటే నేను 77 కొనమంటాను, గుడ్డకీ కాగితానికీ సర్దుకుపోతుంది. అంకె సెంటీమీటర్‌దా అంగుళానిదా అని షాపులోనే అడిగేయండి. 120 అనుకుని అంగుళం లెక్కలో 120 తెచ్చుకున్నవాళ్లు ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు ఉంటారు.

మెష్ బిగించాను కానీ మధ్యలో లూజుగా ఉంది. పర్వాలేదా?

పర్వాలేదు అనలేను. లూజు మెష్ స్క్వీజీతో పాటు జరుగుతుంది, అంచులు అలుక్కుపోతాయి. విప్పి మళ్లీ బిగించండి. ఒక పక్క మధ్యలో పిన్ను కొట్టండి, ఎదురు పక్క మధ్యలో లాగి కొట్టండి. తర్వాత మిగతా రెండు పక్కల మధ్యలో. అక్కణ్నుంచి నాలుగు వైపులా కొద్దికొద్దిగా మూలలకి వెళ్లండి. ఒక పక్క అంతా పూర్తిచేసి రెండో పక్కకి వెళ్తేనే ఈ లూజు వస్తుంది. పిన్ను కింద నాడాలాంటి పట్టీ పెట్టి, పిన్నుని కొంచెం ఏటవాలుగా కొట్టండి, మెష్ చిరగదు. దారాలు ఫ్రేమ్ అంచుకి సమాంతరంగా ఉండాలి. అంతా అయ్యాక వేలితో కొట్టి చూడండి, డప్పులా మోగాలి.

కొత్త మెష్ కదా, కడగాలా?

కడగాలి. కొత్త మెష్ మీద తయారీలో అంటిన నూనె, బిగించేటప్పుడు మన చేతి జిడ్డు ఉంటాయి. డీగ్రీజర్ దొరక్కపోతే గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. "చేతులకు మృదువు" అని రాసి ఉన్నది మాత్రం వద్దు, అందులో కలిపేదే మళ్లీ జిడ్డు. పొడి సబ్బు కూడా వద్దు, పలుకులు రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. మెత్తటి బ్రష్‌తో రెండు వైపులా రుద్ది, నురగ పోయేదాకా కడగండి. ఇప్పుడు స్క్రీన్‌ని నిలబెట్టి నీళ్లు పోసి చూడండి. నీరు పలచటి పొరలా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు, తామరాకు మీద నీటిలా చుక్కలుగా జారితే ఇంకా ఉన్నట్టు. ఆరాక మెష్‌ని వేలితో ముట్టకండి.

## ఎమల్షన్

షాపులో ఆరెంజ్ రంగు పలుకులు ఇచ్చి, ఇదే కలపమన్నారు. వాడొచ్చా?

క్లాసులో వాడకండి. దాన్ని బైక్రోమేట్ అంటారు. చవక, శుభలేఖల ప్రింటింగ్ షాపుల్లో ఏళ్ల తరబడి వాడుతున్నదే. కానీ అందులో ఉన్నది హెక్సావలెంట్ క్రోమియం. అది క్యాన్సర్ కారకం, చర్మానికి తగిలితే వదలని ఎలర్జీ పట్టుకోవచ్చు. కడిగిన నీళ్లు కాలువలోకి పోతే అక్కడా అదే విషం. పిల్లలున్న చోట ఆ డబ్బా ఉండనేకూడదు. డయాజో అనే మందు కలుపుకునే ఎమల్షన్ గానీ, విడిగా ఏమీ కలపక్కర్లేని రెడీమేడ్ ఫొటోపాలిమర్ ఎమల్షన్ గానీ అడగండి. ధర ఎక్కువే. నేనైతే ఆ ఖర్చు తగ్గించుకోవడానికి ఫ్రేముల సంఖ్య తగ్గిస్తాను, మందు మార్చను.

డయాజో కలిపాక ఎన్నాళ్లు ఉంటుంది?

ఫ్రిజ్‌లో రెండు మూడు నెలలు. మన ఎండల్లో బయట ఉంచితే నెల తిరిగేసరికి నమ్మకం పోతుంది. కలిపిన తేదీ డబ్బా మీద రాయండి. కలిపిన వెంటనే వాడకండి, కొన్ని గంటలు వదిలేస్తే బుడగలు పైకి వచ్చి పోతాయి.

ఏ వైపు ముందు పూయాలి?

ముందు ప్రింట్ వైపు, అంటే కాగితానికో గుడ్డకో ఆనే వైపు. తర్వాత స్క్వీజీ వైపు. చివరి పూత ఎప్పుడూ స్క్వీజీ వైపు నుంచే రావాలి, అది ఎమల్షన్‌ని ప్రింట్ వైపుకి నెట్టి అక్కడ నున్నటి పొర ఏర్పరుస్తుంది. స్క్రీన్‌ని కొంచెం వాలుగా నిలబెట్టి, స్కూప్ కోటర్ (ఎమల్షన్ పోసి పూసే పొడవాటి తొట్టి) అంచు మెష్‌కి ఆనించి, ఎమల్షన్ అంచు పొడవునా తగిలిందని చూసుకుని, ఆగకుండా ఒకే ఊపులో పైకి లాగండి. మధ్యలో ఆగితే అక్కడ గీత పడుతుంది. ఒక్కో వైపు ఒక్క పూత చాలు. "మందంగా ఉంటే గట్టిగా ఉంటుంది" అని మూడు నాలుగు పూతలు వేయకండి, ఆరదు.

స్కూప్ కోటర్ లేదు. స్కేలుతో పూయొచ్చా?

పూయొచ్చు, అంచు నున్నగా ఉన్న ప్లాస్టిక్ స్కేలుతో. పూత ఎక్కడో మందం, ఎక్కడో పలచన అవుతుంది కాబట్టి సన్నని గీతల బొమ్మలు పెట్టుకోకండి.

పూశాక ఎంతసేపు ఆరాలి? ముట్టుకుంటే ఆరినట్టే ఉంది.

అన్నిటికన్నా ఎక్కువ స్క్రీన్లు పాడయ్యేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఒక జులైలో 12 మంది ఉన్న బ్యాచ్. ఉదయం పూత వేశాం, బయట సన్నగా వాన. భోజనాలయ్యాక ముట్టుకుంటే అన్నీ పొడిగా ఉన్నాయి. సరే అని ఎక్స్‌పోజ్ చేశాం. కుళాయి కింద పెట్టగానే 7 స్క్రీన్ల మీద నుంచి ఎమల్షన్ గంజిలా కారిపోయింది, బొమ్మా పోయింది చుట్టూ ఉన్నదీ పోయింది. ఒక అమ్మాయి ఖాళీ అయిపోయిన మెష్‌ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మర్నాటికి మళ్లీ పూసి, ఏసీ ఉన్న గదిలో డ్రై మోడ్‌లో రాత్రంతా ఉంచాం. అదే లైటు, అదే టైము. ఒక్కటి కూడా కారలేదు.

జరిగింది ఇది: పై పొర ఆరింది, మెష్ దారాల మధ్య తేమ అలాగే ఉంది. తేమ ఉన్న చోట కాంతి ఎంత పడినా ఎమల్షన్ గట్టిగా ముడిపడదు. గాల్లో తేమ 50 శాతం దాటితే ఆరడం బాగా మందగిస్తుంది, మన కోస్తాలో వానాకాలంలో తేమ అంతకంటే ఎంతో ఎక్కువ. అందుకని చీకట్లో, ప్రింట్ వైపు కిందికి ఉండేలా, స్క్రీన్‌ని నాలుగు మూలలా చిన్న చెక్క ముక్కల మీద అడ్డంగా పెట్టండి. ఫ్యాన్ వేయండి. కుదిరితే రాత్రంతా వదిలేయండి. హెయిర్ డ్రయ్యర్ పెట్టాల్సి వస్తే చల్లగాలే పెట్టండి, 40 డిగ్రీలు దాటిన వేడికి ఎమల్షన్ కాంతి పడకుండానే గట్టిపడటం మొదలవుతుంది. ఏసీ లేకపోతే మూత గట్టిగా పట్టే పెద్ద పెట్టెలో సిలికా జెల్ సంచులతో పాటు ఉంచడం కూడా పనిచేస్తుంది.

ఆరాక గుండ్రటి చేప కళ్లలాంటి చుక్కలు వచ్చాయి. ఎందుకు?

మెష్ మీద జిడ్డు గానీ దుమ్ము గానీ మిగిలింది. ఎమల్షన్ అక్కడ నుంచి పక్కకి తొలిగిపోయింది. రెండు మూడు చుక్కలైతే ఎక్స్‌పోజ్ చేశాక మూసుకోవచ్చు. స్క్రీన్ అంతా ఉంటే కడిగేసి మొదటి నుంచి చేయండి, సగం రోజు పోయినా అదే మేలు.

## పాజిటివ్

ట్రేసింగ్ పేపర్ మీద లేజర్ ప్రింట్ తీస్తే చాలా?

నలుపు నిజంగా నలుపైతే చాలు. ఫోన్ టార్చ్ వేసి వెనక నుంచి చూడండి. నల్లటి చోట వెలుతురు బూడిద రంగులో మెరుస్తుంటే ఎమల్షన్‌కి కూడా అంతే కాంతి తగులుతుంది, ఆ భాగం తెరుచుకోదు. అప్పుడు రెండు ప్రింట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా అతికించండి, లేదా పెద్ద ఆకారాలని నల్ల ఇంక్‌తో చేత్తో దిద్దండి. చేత్తో గీసే పిల్లలకి ట్రేసింగ్ పేపర్ మీద ఇండియన్ ఇంక్, బ్రష్. పెన్సిల్ పనికిరాదు.

తెలుగు అక్షరాలు పూడుకుపోతున్నాయి, ఒత్తులు ఊడిపోతున్నాయి. ఇంగ్లీషువి బాగానే వస్తున్నాయి.

తప్పు మీది కాదు, మన లిపి స్వభావం అది. గుండ్రాలు, గుండ్రాల్లో చుక్కలు, కింద ఒత్తులు. "థ", "ఠ" కడుపులో చుక్క ఉంటుంది. "ధ", "ఢ" కింద చిన్న గీత ఉంటుంది. ఎక్స్‌పోజర్ ఎక్కువైతే కాంతి పాజిటివ్ అంచుల కింద నుంచి దూరి ఆ గీతని మూసేస్తుంది. ఒకసారి అబ్బాయిలు 40 కాగితాల మీద "ధన్యవాదాలు" ప్రింట్ చేసి ఆరబెడితే, అన్నిటి మీదా "దన్యవాదాలు" అని ఉంది. కింద గీత స్క్రీన్‌లోనే తెరుచుకోలేదు, ఎవరూ వెలుతురుకి పెట్టి చూసుకోలేదు.

దీనికి తిరగబడ్డ బాధ కూడా ఉంది. "మ", "ఘ"ల్లో సున్నాల మధ్య ఉండే తెల్లటి చోటు స్క్రీన్ మీద చిన్న ఎమల్షన్ దీవి. అది నిలబడాలంటే కనీసం మూడు నాలుగు దారాల మీద కూర్చోవాలి. 43 మెష్‌లో నాలుగు దారాలంటే సుమారు ఒక మిల్లీమీటర్, 77లో అర మిల్లీమీటర్, 120లో మిల్లీమీటర్‌లో మూడో వంతు. మీ అక్షరాల్లో సున్నా లోపలి వెడల్పు స్కేలుతో కొలిచి చూడండి, ఏ మెష్ కావాలో అదే చెబుతుంది. గుడ్డ మీద తెలుగు 24 పాయింట్ల కంటే చిన్నది నేను పెట్టనివ్వను. మరీ బొద్దు ఫాంట్లలో సున్నాలు పూడుకుంటాయి, మరీ సన్నటివాటిలో ఒత్తులు పోతాయి, నడిమి లావుది ఎంచుకోండి. లైన్ల మధ్య ఖాళీ పెంచండి, పై లైను ఒత్తు కింది లైను గుడికి తగలకుండా.

డిజైన్‌ని మిర్రర్ చేసి ప్రింట్ తీయాలా?

అక్కర్లేదు, మామూలుగానే తీయండి. గుర్తు పెట్టుకోవలసింది ఒకటే: టోనర్ (ప్రింటర్ వేసిన నలుపు) ఉన్న వైపు ఎమల్షన్‌కి తగలాలి, స్క్వీజీ వైపు నుంచి చూస్తే అక్షరాలు సరిగ్గా చదవగలగాలి. కింద నుంచి వెలిగే లైట్ బాక్స్ అయితే పాజిటివ్‌ని టోనర్ పైకి ఉండేలా అద్దం మీద పెట్టి, దాని మీద స్క్రీన్‌ని ప్రింట్ వైపు కిందికి ఆనించండి. పై నుంచి వెలుతురు పడే పద్ధతిలో స్క్రీన్ ప్రింట్ వైపు పైకి ఉంటుంది, పాజిటివ్‌ని టోనర్ కిందికి బోర్లించాలి. అప్పుడు మీకు అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. కంగారు పడకండి, అదే సరైనది.

## ఎక్స్‌పోజింగ్

ఎన్ని నిమిషాలు పెట్టాలి?

మీ లైటు, మీ మెష్, మీ పూత మందం తెలియకుండా ఒక అంకె చెబితే మిమ్మల్ని తప్పుదోవ పట్టించినట్టే. ఒక స్క్రీన్‌ని టెస్ట్‌కి ఇచ్చేయండి. అదే బొమ్మని ఐదు పట్టీలుగా పెట్టి, నల్ల అట్టతో ఒక్కో పట్టీని ఒక్కో టైముకి మూస్తూ వెళ్లండి. అల్ట్రావయొలెట్ ట్యూబ్‌ల బాక్స్‌కి 4, 6, 8, 10, 12 నిమిషాలు పెట్టి చూడవచ్చు. కడిగాక గీతలు పదునుగా తెరుచుకుని, చుట్టూ ఉన్న ఎమల్షన్ జిగురు లేకుండా గట్టిగా ఉన్న పట్టీ ఏదో అదే మీ టైము. గోడ మీద రాసి పెట్టండి.

ఎండలో చేయొచ్చా?

చేయొచ్చు, మన దగ్గర ఎండకి కొదవా! కింద నల్ల గుడ్డ చుట్టిన స్పాంజి, దాని మీద స్క్రీన్, పాజిటివ్, పైన అద్దం. నల్ల గుడ్డ కప్పి బయటికి తెచ్చి, ఎండలో పెట్టాకే గుడ్డ తీయండి. మిట్టమధ్యాహ్నం ఎండ చాలా వేగం, అర నిమిషం, ఒకటి, ఒకటిన్నర, రెండు, మూడు నిమిషాలుగా టెస్ట్ పట్టీలు పెట్టండి. మబ్బు వస్తే లెక్క తప్పుతుంది. డిసెంబరులో కుదిరిన టైము మే నెలలో కుదరదు.

అంచులు మసకగా వస్తున్నాయి.

పాజిటివ్‌కీ ఎమల్షన్‌కీ మధ్య సందు ఉంది. స్క్రీన్ లోపల స్పాంజి, దాని మీద పుస్తకాల కట్ట పెట్టి అదమండి. అద్దం మీద వేలిముద్రలు కూడా తుడవండి.

## కడగడం

ఎంత కడిగినా బొమ్మ తెరుచుకోవడం లేదు.

కాంతి ఎక్కువైంది, లేదా పాజిటివ్ నలుపు చాలలేదు, లేదా పూత ఆరుతున్నప్పుడు ఎవరో తలుపు తీశారు. స్క్రీన్ మూలలో పాజిటివ్ లేని చోట ఒక నాణెం పెట్టి ఎక్స్‌పోజ్ చేయడం అలవాటు చేసుకోండి. నాణెం చోటు శుభ్రంగా తెరుచుకుంటే తప్పు పాజిటివ్‌ది, లేదా టైము ఎక్కువైంది. అదీ తెరుచుకోకపోతే ఎక్స్‌పోజ్ చేయకముందే పూతకి వెలుతురో వేడో తగిలింది. కడిగేటప్పుడు రెండు వైపులా తడిపి ఒకటి రెండు నిమిషాలు ఆగండి, ఆ తర్వాత ప్రింట్ వైపు నుంచి సన్నటి ధారతో కడగండి. గోళ్లతో, బ్రష్‌తో గీకితే పక్కన ఉన్న గట్టి భాగం కూడా లేస్తుంది.

బొమ్మ వచ్చింది కానీ లోపలి వైపు జిగురు జిగురుగా ఉంది.

ఎక్స్‌పోజర్ చాలలేదు. స్క్వీజీ వైపుకి కాంతి చివర్లో చేరుతుంది కాబట్టి అక్కడ మెత్తగా మిగిలింది. ఆ జిగురు తెరుచుకున్న రంధ్రాల్లోకి జారి ఆరితే కంటికి కనబడని పొరలా మూసేస్తుంది. చల్లటి నీళ్లతో మెల్లగా కడిగి, శుభ్రమైన కాగితంతో రెండు వైపులా అద్ది, ఆరబెట్టి, ఎండలో పెట్టండి. తర్వాతి స్క్రీన్‌కి టైము పెంచండి.

వెలుతురుకి పెడితే సూది మొనంత రంధ్రాలు కనిపిస్తున్నాయి.

దుమ్ము వల్ల. మిగిలిన ఎమల్షన్‌ని సన్నటి బ్రష్‌తో అద్ది, ఆరాక మళ్లీ ఎండలో పెట్టండి. బొమ్మకి దూరంగా ఉన్నవాటికి ప్రింట్ వైపు టేపు ముక్క చాలు.

## ఇంక్ పోసే ముందు, ప్రింట్ అయ్యాక

నాలుగు ప్రింట్లకే ఎమల్షన్ కరిగి ఇంక్‌లో కలిసిపోయింది!

నీళ్లతో కరిగే ఇంక్ వాడేటప్పుడు నీటికి తట్టుకునే ఎమల్షన్ కావాలి. కొనేటప్పుడు "వాటర్ బేస్డ్ ఇంక్‌కి" అని చెప్పి తీసుకోండి. సరైనదే కొన్నా కరిగితే ఎక్స్‌పోజర్ తక్కువైంది. కడిగి ఆరిన స్క్రీన్‌ని పాజిటివ్ లేకుండా పది నిమిషాలు ఎండలో పెడితే ఇంకా గట్టిపడుతుంది. క్లాసులో నేను ప్రతి స్క్రీన్‌కీ ఇది చేయిస్తాను. ఇంక్ పోసే ముందు ఫ్రేమ్‌కీ మెష్‌కీ మధ్య సందుని లోపలి వైపు నుంచి బ్రౌన్ టేపుతో మూసేయండి, లేకపోతే ఇంక్ అక్కడ చేరి కారుతుంది.

అదే మెష్‌ని ఇంకో బొమ్మకి వాడొచ్చా?

వాడొచ్చు, ప్రింట్ అయిన వెంటనే ఇంక్ కడిగితే. వాటర్ బేస్డ్ ఇంక్ మెష్‌లో ఎండిపోయిందంటే రంధ్రాలు దాదాపు శాశ్వతంగా మూసుకున్నట్టే. ఇంక్ పూర్తిగా వదిలాక స్టెన్సిల్ రిమూవర్‌ని (ఎమల్షన్‌ని ఊడదీసే మందు) రెండు వైపులా పూసి, కొద్ది నిమిషాలాగి, గట్టి ధారతో కడగండి. గ్లౌజులు వేసుకోండి. రిమూవర్ మెష్ మీద ఎండిపోనివ్వకండి, ఎండితే ఎమల్షన్ ఇక ఎప్పటికీ ఊడదు. మధ్యలో ఫోన్ వచ్చినా ముందు కడగడం పూర్తిచేయండి.

ఎమల్షన్ అంతా పోయింది, పాత బొమ్మ నీడ మాత్రం మెష్ మీద కనిపిస్తోంది.

దారాలకి పట్టిన రంగు అది. స్క్రీన్‌ని కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడండి. రంధ్రాలన్నీ తెరిచి ఉంటే ఆ నీడ కొత్త ప్రింట్‌లో రాదు, జిడ్డు పోయేలా కడిగి మళ్లీ పూత వేసుకోండి. నా దగ్గర ఒక 77 మెష్ మీద మూడు బ్యాచ్‌ల పిల్లల బొమ్మలు ఒకదాని మీద ఒకటి లీలగా కనిపిస్తాయి, ఇప్పటికీ శుభ్రంగా ప్రింట్ ఇస్తోంది.